చెదిరిన మబ్బు

"ఇన్నేళ్లు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" బిడ్డ ఒక ఆట వదిలి ఇంకో ఆట పట్టుకుంటానంటే మన కర్నూలు, కడప ఇళ్లల్లో ముందు వచ్చే మాట ఇదే. బూట్లకు పెట్టిన డబ్బు, తెల్లారకముందే గ్రౌండుకు దింపిన పెట్రోలు, ఎగ్గొట్టిన ట్యూషన్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ పక్కనే ఎవరో పెద్దాయన గీత మూడో అధ్యాయం ఎత్తుతాడు, స్వధర్మం విడవరాదు, పరధర్మం భయంకరం అని.

విల్లు కింద పెట్టేసి, భిక్షమెత్తుకునైనా బతుకుతానన్న అర్జునుడికి చెప్పిన మాట అది. వెనక్కి తగ్గేవాణ్ణి నిలబెట్టడానికి చెప్పినదాన్ని, ఇష్టపడి ముందుకు పోయే పిల్లల కాళ్లకు సంకెల చేస్తే నేనొప్పుకోను. దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్య వీరబ్రహ్మంగారి శిష్యుడైతే, ఇంటివాళ్లు నవాబు దాకా పోయారని మన కడప సీమలో చెబుతారు. ఆ సిద్దయ్య లేకుండా ఇవాళ బ్రహ్మంగారి కథ నడుస్తుందా?

పిల్లల విషయంలో తెరవాల్సింది ఆరో అధ్యాయం. అక్కడ అర్జునుడు అచ్చం మన తల్లిదండ్రుల ప్రశ్నే వేస్తాడు. సాధన మొదలుపెట్టి మధ్యలో జారినవాడు ఇటూ అటూ కాకుండా, చెదిరిన మబ్బులా పోతాడా కృష్ణా అని. ఈ ఉపమానానికి సీమవాళ్లకు టీకా తాత్పర్యాలు అక్కర్లేదు. పడమట నల్లగా కమ్ముకొచ్చి, వేరుశనగ విత్తుకు కాచుకున్న రైతు నెత్తిమీదే గాలికి విడిపోయే మబ్బును ఏటా చూస్తూనే ఉన్నాం. కృష్ణుడు అలా పోడంటాడు. జన్మ మారినా వెనకటి బుద్ధి వెంట వస్తుంది, పూర్వాభ్యాసం తనకు తానుగా మనిషిని లాక్కుపోతుంది అంటాడు. జన్మ మారితే పోనిది ఆట మారితే పోతుందా?

అమెరికాలో బ్రాండన్ ఆబ్రీ అని ఒకడున్నాడు. నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో సాకర్ ఆడాడు. 2017లో టొరంటో ఎఫ్‌సీ క్లబ్బు ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండులోనే అతన్ని ఎంచుకుంది. అయినా పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ దారి మూసుకుపోయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తుంటే, కిక్కర్ పని నువ్వూ చేయగలవు కదా అంది భార్య. అతను మళ్లీ మైదానానికి పోయి, అక్షరాభ్యాసం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. 2023లో, 28 ఏళ్లకు, డల్లాస్ కౌబాయ్స్ తరఫున బరిలోకి దిగి వరుసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఎవరూ కెరీర్‌ను అలా మొదలుపెట్టలేదు.

ఈ రెండు ఆటల మధ్య ఒక చిత్రం ఉంది. సాకర్ గోల్ అడ్డకర్ర 8 అడుగుల ఎత్తున ఉంటుంది. బంతి దాని మీదుగా పోయిందంటే గ్యాలరీ ఉసూరుమంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అడ్డకర్ర 10 అడుగులు. అక్కడ బంతి రెండు స్తంభాల నడుమ నుంచి, దాని మీదుగానే పోవాలి. పోతే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. అక్కడ తిట్లు తినిపించిన తన్నే ఇక్కడ జీతం ఇస్తుంది.

వేరే ఆట నుంచి వచ్చినవాడు ఆటనే మార్చేసిన సందర్భమూ ఉంది. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి వచ్చిన కుటుంబం పీట్ గోగోలాక్‌ది. అమెరికా కిక్కర్లు అప్పట్లో నేరుగా పరుగెత్తి బూటు మొనతో తన్నేవారు. అతను 1964లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫలో బిల్స్‌లో చేరి, చిన్నప్పటి సాకర్ అలవాటు కొద్దీ ఏటవాలుగా వచ్చి పాదం మీది భాగంతో కొట్టాడు. ఇవాళ అందరూ తన్నేది అలాగే.

మన ఎర్రమల్లె అమ్మాయి, క్రికెటర్ శ్రీచరణి సంగతి చూడండి. వీరపునాయునిపల్లె మండలం. చిన్నప్పుడు పరుగు పందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్. క్రికెట్‌ను గట్టిగా పట్టుకునేసరికి పదహారేళ్లు. అందులోనూ మొదట పేస్ వేసి, ఆనక ఎడమచేతి స్పిన్‌కు మారింది. ఎన్ని మలుపులో! 2025 మహిళల ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబైలో జరిగిన ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ను సున్నాకే ఎల్బీగా పంపింది.

నెలకో ఆట మార్చే చాపల్యానికి ఈ కథలు సాకు కావు. వెంట రావడానికి వెనకాల అభ్యాసమంటూ ఉండాలి కదా. వచ్చాక కూడా గెలుపు ఖాయమేమీ కాదు. ఆబ్రీకి ఆ వరుస 35 తర్వాత రెండు తప్పాయి. సీజన్ మొత్తానికి 38లో 36. తర్వాతి ఏడాది మళ్లీ అదే జట్టులో, అదే కాలితో కొట్టడానికి వచ్చాడు.