ఇయ్యవలసినది ఇయ్యనందున

చదువవలసిన భాగములు: ఆదికాండము 38:11–26, మత్తయి 1:18–19



కొన్ని సంవత్సరముల క్రిందట మేమెరిగిన ఒక సంఘములో పదునేడేండ్ల చిన్నది గర్భవతియైనట్లు తెలిసినది. ఆదివారపు పాఠశాలలో వాక్యములు కంఠస్థము చేసి బహుమానము పొందిన పిల్ల. ఐదవ నెల వచ్చువరకు కన్నతల్లికైనను చెప్పలేదు. సంగతి బయటపడిన పిమ్మట సంఘపెద్దలు కూడిరి; ఆ కూటములో మేమును కూర్చుంటిమి. ఆమెను ప్రభువు బల్లకు దూరముగా ఉంచవలెనని తీర్మానము వ్రాయబడెను. తండ్రి తల వంచుకొని సంతకము చేసెను. ఆ రాత్రియే ఆమెను దూరపు బంధువుల యింటికి పంపివేసిరి. కారకుడైన యువకుడు మరుసటి ఆదివారము గాయక బృందములో తన చోటనే నిలిచి పాడెను. అతనిని ఎవరును ఏమియు అడుగలేదు. మేమును అడుగలేదు.

ఆదికాండము ముప్పది యెనిమిదవ అధ్యాయమును మనము కుటుంబ ప్రార్థనలో సాధారణముగా దాటిపోవుదుము. కోడలైన తామారు గర్భవతియని వినిన వెంటనే, విచారణ ఏమియు లేకుండ, యూదా ఆమెకు మరణశిక్ష విధించెను. ఆమె అతని ముద్రను, దారమును, చేతికర్రను పంపినప్పుడు అతని కండ్లు తెరువబడెను. అప్పుడతడు ఒప్పుకొన్నదేమి? తాను ఆమెకు ఇయ్యవలసినదానిని ఇయ్యలేదనియు, కాబట్టి తనకంటె ఆమెయే నీతిగలదనియు ఒప్పుకొనెను. తీర్పు తీర్చ కూర్చున్నవాడే బాకీదారుడని తేలినది.

మన బిడ్డలకు మనము బాకీపడినది ఏమి? ఈ నెల మన ముందున్న ప్రశ్న ఇదియే.

మొదట ఒక భ్రమను విడువవలెను. చిన్న వయస్సులో గర్భము అనగానే మన మనస్సు పెండ్లికాని పిల్లవైపు పరుగెత్తును. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏండ్ల ఆడపిల్లలు వెయ్యిమందిలో 126 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయియుండిరి. ఈ లెక్క తెలంగాణలో 58, దేశమంతటికి 68. వీరిలో బహుళ సంఖ్యాకులు పెండ్లియైనవారే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లి జరిగినట్లు తేలినది. క్రైస్తవ వివాహములోను వధువుకు 18 నిండవలెనని చట్టము. అయినను వయస్సు ఒకటి రెండేండ్లు పెంచి చెప్పిన పెండ్లికి పోయి, సంగతి తెలిసియు, పందిరిక్రింద భోజనము చేసి వచ్చినవారము మనలో లేమా?

పందిరి వేసినంత మాత్రమున పదునారేండ్ల శరీరము పెద్దది కాదు. రక్తహీనత, రక్తపుపోటు, గుర్రపువాతము, నెలలు నిండని కాన్పు, బరువు చాలని బిడ్డ—ఈ ఆపదలు మెడలో తాళి ఉన్నదో లేదో చూచి రావు. అయినను ఒక యింట దానిని శుభవార్త అందుము, పొరుగింట అపకీర్తి అందుము. అట్లయిన మనము కాపాడుచున్నది పిల్లనా, మన పరువునా?

ఇక గర్భనిరోధము మాట. భార్యాభర్తలు కొన్ని సందర్భములలో దానిని వాడుకొనవచ్చునని 1930లో లాంబెత్ సమావేశమందు ఆంగ్లికన్ బిషపులే అంగీకరించిరి. మన యిండ్లలోను దానిని పాపమనువారు ఇప్పుడు తక్కువ. అయితే ఆ జ్ఞానము ఎవరికి, ఎప్పుడు అందుచున్నది? ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారని పైని సర్వేయే చెప్పుచున్నది. తాత్కాలిక పద్ధతులు వాడువారు బహు కొద్దిమంది. అనగా కొత్త కోడలికి మొదట ఏమియు చెప్పము. ఏడాది తిరుగకముందే ‘విశేషమేమైనా ఉందా’ అని అడుగుదుము. ఇద్దరు పుట్టిన తరువాత ఆపరేషనుకు తీసికొనిపోవుదుము. ప్రభుత్వ వైద్యశాలలలో నిరోధ్, మాత్రలు, కాపర్-టి, 2017లో ప్రవేశపెట్టిన అంతర ఇంజక్షను ఉచితముగా ఇచ్చు ఏర్పాటు ఉన్నది. కాని అత్తగారు ప్రక్కన కూర్చుండియుండగా, పందొమ్మిదేండ్ల కోడలు ఆశా కార్యకర్తను ఏమని అడుగగలదు?

పెండ్లికానివారి సంగతి ఇంకను కష్టము. స్త్రీల కూటములో ఒక తల్లి మమ్మును అడిగినది: “అయ్యగారూ, ఇవన్నీ పిల్లలకు చెబితే తలుపు మనమే తీసినట్టు కాదా అండీ?” ఆమె భయము నిజమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు. పెండ్లివరకు పవిత్రముగా ఉండుడని మనము బోధించుట మానవలసిన పనియు లేదు. అయితే అనేక దేశముల పరిశోధనలను పరిశీలించి యునెస్కో 2018లో ప్రకటించిన మార్గదర్శకములో, శరీరమును గూర్చి సరిగా నేర్పినందున యౌవనస్థులు త్వరపడి తప్పుదారి పట్టినట్లు కనబడలేదని తేల్చిరి. పైగా తలుపు ఎప్పుడో తెరువబడినది. పిల్లవాని చేతిలోని ఫోను చెప్పనిది లేదు. అది చెప్పునది మాత్రము సత్యము కాదు. సత్యము చెప్పవలసిన మనము మౌనముగా ఉన్నాము.

ఆ చిన్నదాని విషయమే ఆలోచింపుడి. 72 గంటలలోగా వేసికొనవలసిన అత్యవసర మాత్ర మందుల షాపులో చీటీ లేకుండనే దొరకునని ఆమెకు తెలియదు. అది అండము విడుదలను ఆపును లేక ఆలస్యము చేయును. అప్పటికే నిలిచిన గర్భమును తీసివేయదు. ఈ భేదము ఆమెకే కాదు, ఆమెకు తీర్పు తీర్చిన మాలో అనేకులకును తెలియదు.

చట్టమును గూర్చియు చెప్పవలెను. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 లోపు పిల్లతో సంబంధము నేరము; తెలిసిన వైద్యుడు ఫిర్యాదు చేయవలసినదే. ఈ నియమము పెద్దవారి మోసమునుండి పిల్లను కాపాడుటకు పుట్టినది. మాత్ర ఇచ్చి మోసగానిని కప్పిపుచ్చుట మేము కోరుట లేదు. కాని పోలీసు భయముచేత పిల్ల వైద్యుని యొద్దకే పోకుండిన కీడు రెట్టింపగును. అందుచేతనే, గర్భస్రావము కొరకు వచ్చిన మైనరు పిల్లయు సంరక్షకులును కోరినయెడల, ఫిర్యాదులో ఆమె పేరు వెల్లడింపనక్కరలేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. గర్భస్రావమును గూర్చి మనలో భిన్నాభిప్రాయములు కలవు. అయితే నాటుమందు మ్రింగి చచ్చుటకంటె ఆ పిల్ల వైద్యుని యెదుట కూర్చుండుట మేలని ఒప్పుకొననివారు ఉండరు.

కాబట్టి సంఘము చేయదగినవి మూడు. 18 నిండని పిల్ల పెండ్లికి మనము పోరాదు, దీవింపరాదు. కన్ఫర్మేషను తరగతిలో మన సంఘపు నర్సమ్మగారి చేత ఆడపిల్లలకును మగపిల్లలకును ఈ సంగతులు తేటగా చెప్పింపవలెను. మగపిల్లలను విడువరాదు, ఏలయనగా ముద్రయు కర్రయు వారివే. మరియు ప్రతి సంఘములో, భయపడిన పిల్ల మొదటి నెలలోనే తలుపు తట్టదగిన ఇల్లు ఒకటైనను ఉండవలెను. నీతిమంతుడని సువార్త చెప్పిన యోసేపు, నిజము తెలియకముందే, మరియను నలుగురిలో అవమానపరచకుండు మార్గమును వెదకెను. నీతియనగా మొదట అది.

ఆ చిన్నది తిరిగి మా గుడికి రాలేదు. ఆమెకిచ్చిన బహుమాన పుస్తకముపై ఉన్న చేవ్రాలు మాది. తీర్మానము క్రింద ఉన్నదియు మాదే. యూదా తన బాకీని నలుగురి యెదుట ఒప్పుకొనెను. మేము ఈ పేజీలో ఒప్పుకొనుచున్నాము.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలకు తీర్పు తీర్చుటకు కూర్చుండకముందు, వారికి మేము ఇయ్యనిదానిని మాకు జ్ఞాపకము చేయుము. ఆమేన్.