ఇచ్చిన మాటకు హద్దు ఏది?

అపరాధ పరిశోధక నవలలు చదివే గురువులు కూడా ఉంటారా అని ఒక విశ్వాసి నన్ను అడిగారు. చదవడమేమిటి, రాసినవారే ఉన్నారు. ఇంగ్లండుకు చెందిన రోనాల్డ్ నాక్స్ కతోలిక గురువు. ఆయన అలాంటి నవలలు రాయడమే గాక, 1929లో వాటికి పది నియమాలు కూడా విధించాడు. పరిశోధకునికి ఏదీ కాకతాళీయంగా కలిసిరాకూడదన్నది ఆ పదింటిలో ఒకటి. ఈ నియమంతో తరువాత మనకు పని పడుతుంది.

ప్రియ పాఠకులారా, ఈ నవలలలో పదే పదే ఎదురయ్యే ఒక మనిషిని గూర్చి ఈ వారం ఆలోచిద్దాం. అతడు ఉద్యోగ విరమణ చేసిన పోలీసు అధికారి. పూలదండ వేశారు, పింఛను వస్తున్నది, ఇక ఇంటిపట్టున ఉండి మొక్కలకు నీళ్ళు పోసుకోవచ్చు. ఒకనాడు ఒక తల్లి వచ్చి, ఏనాడో తప్పిపోయిన బిడ్డ పేరు చెబుతుంది. అందరూ మరచిన పాత ఫైలు అతడు మళ్ళీ తెరుస్తాడు. జీతం లేదు, అధికారం లేదు. తరువాత వచ్చిన అధికారులకు అతడంటే చిరాకు. అయినా వెళతాడు. ఎందుకు వెళతాడు? వెళ్ళవలసిన బాధ్యత అతనికి ఉన్నదా?

స్కాట్లాండు రచయిత ఇయాన్ రాంకిన్ సృష్టించిన జాన్ రీబస్‌నే తీసుకోండి. (రీబస్ అంటే బొమ్మలతో కట్టిన పొడుపుకథ. రచయిత ఊరకే పెట్టిన పేరు కాదు.) 2007లో వచ్చిన నవలలో అరవై ఏళ్ళు నిండి రీబస్ పదవీ విరమణ చేశాడు. పాఠకులు సెలవు పుచ్చుకున్నారు. అయిదేళ్ళ తరువాత, 2012లో, ‘స్టాండింగ్ ఇన్ అనదర్ మ్యాన్స్ గ్రేవ్’ అనే నవలలో తిరిగి వచ్చాడు. ఇప్పుడతడు పోలీసు కాదు. పరిష్కారం కాని పాత కేసుల విభాగంలో, ఏ హోదా లేని మామూలు పౌరుడిగా, కాగితాలు తిరగేసే పనిలో ఉన్నాడు. నీనా హేజ్లిట్ అనే తల్లి అక్కడికి వస్తుంది. ఆమె కూతురు శాలీ 1999 సంవత్సరం ఆఖరి రాత్రి, కొత్త సహస్రాబ్ది వేడుకల నడుమ, కనిపించకుండా పోయింది. పెర్త్, ఇన్వర్నెస్ పట్టణాల మీదుగా ఉత్తరానికి సాగిపోయే ఏ9 అనే పొడవాటి రహదారి ఒకటి ఉంది. తరువాతి ఏళ్ళలో ఆ దారి పొడవునా మరి కొందరు ఆడపిల్లలు మాయమయ్యారని ఆ తల్లి నమ్మకం. ఎన్ని గడపలు తొక్కినా ఆమె మాట వినిపించుకున్నవారు లేరు. రీబస్ విన్నాడు. కథలో తరువాత ఏమైందో చెప్పను, చదవదలచినవారి సరదా పాడుచేయడం భావ్యం కాదు. నాకు కావలసింది ఆ వినడమే.

మరణం వేరు, కనబడకపోవడం వేరు. మరణించినవారికి సమాధి ఉంటుంది, తేదీ ఉంటుంది, నవంబరు 2న సమాధుల పండుగనాడు వెలిగించడానికి ఒక కొవ్వొత్తి ఉంటుంది. తప్పిపోయినవారికి ఏమున్నది? తల్లి ఏడిస్తే ఆశ వదులుకున్నట్లు, ఏడవకపోతే తనను తానే మోసగించుకుంటున్నట్లు. రాత్రి తలుపుకు గడియ పెట్టాలన్నా చేయి రాదు. ఇల్లు మారలేరు, ఫోన్ నంబరు మార్చలేరు. బిడ్డ పేరున పూజ చెప్పించమని వచ్చిన తల్లిని ‘సజీవుల కొరకా, మృతుల కొరకా’ అని అడగలేక, పూజ ఉద్దేశాల పుస్తకంలో పేరు మాత్రం రాసుకున్న గురువును నేనొక్కడినే కానని నా నమ్మకం.

చట్టం ఈ బాధకు ఒక గడువు పెట్టింది. ఏడేళ్ళపాటు, సహజంగా కబురు తెలియవలసినవారికి కూడా ఏ కబురూ తెలియకపోతే, అతడు బ్రతికే ఉన్నాడన్నవారే నిరూపించుకోవాలని మన దేశపు 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2023లో చేసిన కొత్త చట్టంలోనూ ఆ సూత్రం నిలిచింది. స్కాట్లాండులో 1977లో చేసిన చట్టానిది కూడా ఏడేళ్ళ లెక్కే. ఆస్తులు పంచుకోవాలి, మరల వివాహాలు జరగాలి, కనుక ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కాని ఆ గీత ఆస్తి పత్రాలకు పనికివచ్చినట్లు తల్లి మనసుకు పనికిరాదు. విరమణ వయసు కూడా ప్రభుత్వం తన సౌకర్యం కొరకు గీసుకున్న గీతే. రీబస్ వంటి కథలు మనలను పట్టుకోవడానికి కారణం ఇదేనని నేననుకుంటాను. ఉద్యోగం ఒక తేదీతో ముగుస్తుంది. ‘నీ బిడ్డ ఏమైందో కనుక్కుంటాను’ అని ఒక మనిషి మరొక మనిషికి ఇచ్చిన మాట ఏ తేదీతో ముగుస్తుంది?

ఇంతవరకు అందరూ తల ఊపుతారు. చిక్కు ఇక్కడి నుండి మొదలు. ఆ చిక్కును నాకు తెలిసినంతలో అందరికంటె నిర్దాక్షిణ్యంగా చూపినవాడు స్విట్జర్లాండు రచయిత ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ (1921-1990). ఆయన తండ్రి ప్రొటెస్టెంటు పాదిరి. ఆయన 1958లో ‘మాట’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న నవల ప్రచురించి, దానికి ‘అపరాధ పరిశోధక నవలకు రెక్వియెమ్’ అని ఉపశీర్షిక పెట్టాడు. రెక్వియెమ్ అంటే మృతుల కొరకు అర్పించే పూజ అని మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

కథ ఇది. జ్యూరిక్ పోలీసు అధికారి మత్తేయి (మన సువార్తికుని పేరే) జోర్డాను దేశంలో కొత్త కొలువుకు బయలుదేరబోతుండగా, గ్రిట్లీ మోజర్ అనే చిన్న పిల్ల అడవిలో హత్యకు గురవుతుంది. ఆ వార్త తల్లిదండ్రులకు చెప్పే పని ఇతని మీద పడుతుంది. హంతకుణ్ణి పట్టుకుంటానని తన ఆత్మరక్షణ మీద ఒట్టు వేయమని తల్లి అడుగుతుంది. ఒట్టు వేస్తాడు. ఏ స్థితిలో వేశాడో గమనించండి. ఆ ఇంటి నుండి, ఆ కళ్ళ ముందు నుండి ఎలాగైనా బయటపడాలన్న ఆత్రంలో వేశాడు. మరణశయ్యల దగ్గర, ఆసుపత్రి వరండాలలో ఇలాంటి మాటలు మనమూ ఇస్తూనే ఉంటాము.

పోలీసులు ఒక వీధి వర్తకుణ్ణి పట్టుకొని, గంటల తరబడి ప్రశ్నించి, నేరం ఒప్పిస్తారు. అతడు కొట్టులోనే ఉరి వేసుకుంటాడు. కేసు మూసేస్తారు. మత్తేయి విమానాశ్రయం దాకా వెళ్ళి, అక్కడ పిల్లలను చూసి, ప్రయాణం మానుకొని వెనుదిరుగుతాడు. అటు కొలువు పోయింది, ఇటు పాత ఉద్యోగం తిరిగి రాదు. అంతకు ముందు ఏళ్ళలో ఇదే తీరున జరిగిన ఇద్దరు బాలికల హత్యలను దీనితో కలుపుతాడు. గ్రిట్లీ గీసిన ఒక బొమ్మ నుండి హంతకుడు గ్రౌబ్యుండెన్ ప్రాంతపు కారులో తిరిగేవాడని తేలుస్తాడు. ఆ ప్రాంతం నుండి జ్యూరిక్‌కు వచ్చే దారిలో ఒక పెట్రోలు బంకు తీసుకొని కూర్చుంటాడు. ఏనాటికైనా వాడు ఈ దారిన రావలసిందే కదా!

అంతటితో ఆగితే మెచ్చుకొని ఊరుకునేవాళ్ళం. అతడు హెల్లర్ అనే దిక్కులేని స్త్రీని ఇంటిపనికి కుదుర్చుకుంటాడు. ఆమె మీద జాలితో కాదు. ఆమె కూతురు ఆన్నమారీ చనిపోయిన గ్రిట్లీని పోలి ఉంటుంది గనుక. ఆ పిల్లను రోడ్డు పక్కన ఆడుకోనిస్తాడు. గాలానికి ఎరను గుచ్చినట్లు. ఒకనాడు ఆ పిల్ల చేతికి ఎవరో ఇచ్చిన చాక్లెట్లు వస్తాయి. పోలీసులను పిలిపించి, అడవిలో రోజుల తరబడి పొంచి ఉంటాడు. ఎవడూ రాడు. చివరకు ఆ పెద్దమనుషులందరూ సహనం కోల్పోయి, నిజం చెప్పమంటూ ఆ పసిపిల్ల మీదనే విరుచుకుపడతారు. ఈ ఘట్టం చదివి పుస్తకం కాసేపు పక్కన పెట్టవలసి వచ్చింది.

హంతకుడు నిజంగానే ఆ పిల్ల కొరకు బయలుదేరాడు. దారిలో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఈ సంగతి మత్తేయికి తెలియదు. ఏళ్ళ తరబడి ఆ బంకు ముందే, తాగుతూ, మతి చెడి, వాడి రాకకై ఎదురుచూస్తూ కూర్చుండిపోతాడు. కాకతాళీయం పరిశోధకునికి సాయపడరాదని నాక్స్ గురువు నియమం పెట్టాడు. అది అతణ్ణి నాశనం చేయకూడదని మాత్రం ఏ నియమంలోనూ రాయలేదు!

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మత్తేయి మాట నిలుపుకున్నవాడా, మాట తప్పినవాడా?

మాట ఇచ్చి నెరవేర్చనివాడు ఎప్పుడు నిర్దోషి అవుతాడన్న ప్రశ్నను పునీత తోమాసు అక్వినాసు తన దైవశాస్త్ర సంగ్రహంలో, అసత్యాన్ని గూర్చి చర్చించే చోట, పరిశీలించాడు. ఇచ్చే సమయంలో నెరవేర్చే ఉద్దేశం ఉంటే అది అబద్ధం కాదంటాడు. మాట ఇచ్చిన పని అధర్మమైనదైతే, లేదా మనుషుల పరిస్థితులు, పనుల పరిస్థితులు మారిపోతే నెరవేర్చకపోయినా దోషం లేదంటాడు. గురువిద్యాలయంలో ఇది చదివేటప్పుడు మాలో కొందరికి ఇదేదో తప్పించుకునే దారిలా తోచేది. కాని పాత నిబంధనలో యెఫ్తా కథ చూడండి. గెలిచి తిరిగి వచ్చినపుడు తన ఇంటి వాకిట నుండి ఎదురు వచ్చినదానిని బలి ఇస్తానని మ్రొక్కుకున్నాడు. ఎదురు వచ్చింది ఒక్కగానొక్క కూతురు. మ్రొక్కడంలో అతడు తెలివితక్కువవాడని, చెల్లించడంలో భక్తిహీనుడని పునీత జెరోము మాటగా తోమాసు తీర్పు చెబుతాడు. మాట నిలబెట్టుకోవడమే అక్కడ పాపమయింది. ఎందుకంటే మూల్యం చెల్లించింది మాట ఇచ్చినవాడు కాదు, పక్కనున్న పిల్ల.

మత్తేయి తన కొలువును, పరువును, సుఖాన్ని, చివరకు మతిని కూడా ధారపోశాడు. అవన్నీ అతని సొంతం, ఇవ్వవచ్చు. ఆన్నమారీ అతని సొంతం కాదు. మనిషిని కేవలం సాధనంగా వాడరాదని కాంటు 1785లో రాసిన మాట వల్లించని తత్వశాస్త్ర విద్యార్థి లేడు. దానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. చనిపోయిన పిల్లకు న్యాయం చేయబోయి, బ్రతికి ఉన్న పిల్లను గాలానికి గుచ్చాడు.

కొందరు అంటారు: పాపం, ఆ కారు ప్రమాదం జరగకపోతే అతడు గెలిచేవాడు కదా! నిజమే. అతని తర్కంలో ఒక్క పొరపాటు లేదు. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్వవేత్తలు 1976లో ‘నైతిక అదృష్టం’ అని ఒక చర్చ లేవనెత్తారు. మన చేతిలో లేని ఫలితాన్ని బట్టి లోకం మనలను మెచ్చుకుంటుంది, నిందిస్తుంది. ఇది న్యాయమా అన్నది వారి ప్రశ్న. తమాషా ఏమిటంటే, ఈ కథకు గెలిచిన రూపం కూడా ఉంది. నవలకు ముందు డ్యూరెన్‌మాట్ ఇదే కథను సినిమాకు అందించాడు. 1958లోనే విడుదలైన ఆ జర్మన్ చిత్రంలో పిల్ల క్షేమం, హంతకుడు దొరుకుతాడు, ప్రేక్షకులు హాయిగా ఇంటికి వెళతారు. రచయితకు అది తృప్తి నివ్వక నవల రాశాడు. నా మట్టుకు, ఎర వేసిన క్షణంలో జరిగిన తప్పు రెంటిలోనూ ఒకటే. సినిమాలో అది కనబడదు, అంతే.

అలాగని ఫైలు మూసి ఇంటికి వెళ్ళినవారు నీతిమంతులని నేననడం లేదు. ఒక అమాయకుని శవంతో కేసు ముగించుకున్న ఆ పై అధికారులకంటె, తప్పు దారి పట్టిన మత్తేయియే నాకు దగ్గరివాడుగా కనిపిస్తాడు.

ఆ నవలలో అందరూ తొందరగా దాటిపోయే ఒక పాత్ర ఉంది. హంతకుని భార్య ష్రాట్. భర్త ఎక్కడికి వెళ్ళాడో, చేతులకు ఏమి అంటుకొని వచ్చాడో ఆమెకు తెలుసు. మందలించి ఊరుకుంది. ఏళ్ళు గడిచాక, మరణశయ్య మీద, తన దగ్గరకు వచ్చిన గురువు ప్రేరేపించగా పోలీసు పెద్దను పిలిపించి, తీరికగా, ఊరి కబుర్లు చెప్పినట్లు అంతా చెబుతుంది. మత్తేయి బొమ్మలు, పటాలు, కారు గుర్తులు ముందేసుకొని తన బుద్ధినంతా ఖర్చుపెట్టి వెదికిన సత్యం ఇన్నాళ్ళూ ఒక మర్యాదస్తుల ఇంటిలో, ఒక స్త్రీ నోటి వెనుక ఉంది. తప్పిపోయినవారి కథలలో తరచు ఇలాగే ఉంటుంది. ఎక్కడో ఎవరికో తెలిసి ఉంటుంది. పరువు కొరకో, భయం చేతనో ఆ నోరు మూసి ఉంటుంది. అందువల్లనే, ఎవరూ వినని తల్లి మాటను కూర్చోబెట్టి విన్న రీబస్ పని చిన్నది కాదంటాను. ఒకరు ఓపికగా వింటారని తెలిస్తే, మూసుకున్న నోళ్ళలో ఒకటైనా తెరుచుకోవచ్చు.

ఈ నవలను 2001లో అమెరికాలో షాన్ పెన్ మరల సినిమాగా తీశాడు. జాక్ నికల్సన్ వేసిన పాత్ర అచ్చంగా మనం మొదట చెప్పుకున్న మనిషే, ఉద్యోగ విరమణ నాడే ఆ కేసులో చిక్కుకున్న ముసలి పరిశోధకుడు. అందులో ఎరగా వాడిన పిల్ల పేరు క్రిస్సీ. తన కూతురిని ఏ పనికి వాడారో తెలిసిన క్షణాన ఆమె తల్లి అతని సంజాయిషీ వినదు, వాడు నిజంగా వచ్చేవాడా అని అడగదు. అతణ్ణి కొట్టి, తిట్టి, బిడ్డను తీసుకొని ఆ ఇంటి నుండి వెళ్ళిపోతుంది.