సభ అడగని ప్రశ్న

1912 జనవరి 9న పారిస్‌లో, జర్మనీతో కుదిరిన మొరాకో ఒప్పందాన్ని పరిశీలిస్తున్న సెనేట్ సంఘం ముందు ఫ్రాన్స్ ప్రధాని జోసెఫ్ కాయో ప్రమాణపూర్వకంగా చెప్పాడు: జర్మనీతో మంతనాలన్నీ అధికారికంగానే సాగాయి, చాటుమాటు రాయబారాలేవీ లేవు. సంఘ సభ్యుడు క్లెమెన్సో వెంటనే విదేశాంగ మంత్రి ద సెల్వ్ వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగాడు. నిజం ఒకవైపు, పదవి ధర్మం ఇంకోవైపు లాగుతుంటే ద సెల్వ్ జవాబివ్వనన్నాడు. రాజీనామా చేశాడు. రెండు రోజులకు కాయో మంత్రివర్గమే పోయింది.

ద సెల్వ్‌కు నిజం తెలుసు. కాయో ఒక వ్యాపారి చేత జర్మన్ రాయబార కార్యాలయంతో మాట్లాడించాడు. బెర్లిన్‌కు వెళ్ళిన రహస్య తంతివార్తలను విప్పి చదివి విదేశాంగ శాఖ ఆ సంగతి పసిగట్టింది. పైకి చెబితే విప్పే ఉపాయం చేజారుతుంది.

సభాపర్వం చదివి వినిపించేటప్పుడు మా నాన్నగారు విదురుడి మాటల దగ్గర తప్పకుండా ఆగేవారు. తెలిసీ జవాబివ్వని సభ్యుణ్ణి వరుణపాశాలు చుట్టుకుంటాయని ప్రహ్లాదుడికి కశ్యపుడు చెప్పిన మాట అది. ఆ లెక్కన ద సెల్వ్ దోషేనా? కాదంటాను. ధర్మం సూక్ష్మమంటూ భీష్ముడు తప్పుకుంటే జూదరులకు అడ్డు లేకపోయింది. ద సెల్వ్ నోరు విప్పకపోతే అబద్ధం అక్కడికక్కడే కూలింది. మౌనం ఎవరికి కొమ్ముకాసిందన్నదే నాకు ముఖ్యం.

నన్ను కలవరపెట్టేది మిగతా సభ. 1911 నవంబరు 4 నాటి ఒప్పందంతో మొరాకోలో ఫ్రాన్స్‌కు జర్మనీ అడ్డు తొలగింది; బదులుగా ఫ్రెంచి కాంగోలో సుమారు 2,75,000 చదరపు కిలోమీటర్లు జర్మనీకి దక్కాయి. ఇంచుమించు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత నేల, దానిమీది ఊళ్ళు, మనుషులతో సహా. సంఘం పట్టుబట్టి అడిగింది పాచికలు ఎవరు, ఎలా వేశారన్నదే. నన్ను ఒడ్డే హక్కు మీకెక్కడిదన్న ద్రౌపది ప్రశ్న ఆ గదిలో వేయడానికి కాంగో మనిషి ఒక్కడూ లేడు. దిగువ సభలో సోషలిస్టు నేత జాన్ జోరెస్ మొరాకో ఆక్రమణను ఏళ్ళతరబడి ఖండించాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ కాంగో గురించి ఎక్కువమంది పడ్డ బాధ, తమ ఆస్తి పోతోందనే.

అక్కడి సంగతి తెలియదనడానికీ లేదు. కంపెనీలు, అధికారులు రబ్బరు కోసం, పన్నుల కోసం ఆడవాళ్ళను, పిల్లలను బందీలుగా పట్టేవారని 1905లోనే అన్వేషకుడు బ్రాజా జరిపిన విచారణలో తేలింది. తిరుగు ప్రయాణంలో డాకర్‌లో ఆయన చనిపోయాడు. అధర్మాన్ని ఖండించని సభ్యులకు ఆ పాపంలో పావు వంతు చెందుతుందని కశ్యపుడే అన్నాడు. సెనేట్ 1912 ఫిబ్రవరిలో ఒప్పందాన్ని ఆమోదించింది. సంగతులు బయటికి పొక్కినా, బ్రాజా విచారణ నివేదికను మాత్రం ప్రభుత్వం తొక్కిపెట్టింది; అది అచ్చయింది 2014లో.