ఒకదాన్నొకటి ఎరగని పాటలు

మైపాడులో మా ఇంట్లో ఇనప వస్తువు ఎక్కువ కాలం బతకదు, ఉప్పుగాలి తినేస్తుంది. నాయన పాడిన మూడు క్యాసెట్లు పెట్టెలోంచి తీసేసరికి మరలన్నీ తుప్పు, టేపు మీద తెల్లగా బూజు. నేను పెన్సిలు దూర్చి చక్రం తిప్పుతుంటే అక్క మెత్తటి పాతగుడ్డతో టేపును అద్దుతూ కూర్చుంది. ఒక మధ్యాహ్నమంతా అదే పని.

నాయన తన పాటలు తనే కట్టుకునేవాడు. ఒక క్యాసెట్టు శ్రీరామనవమికి భజన మందిరంలో పట్టింది, వెనక హార్మోనియం. ఇంకొకటి అక్క పెళ్లినాటిది. మూడోది చాలా ఏళ్ల తర్వాత, గొంతు సన్నబడ్డాక, మా వరండాలో పాడింది. అన్నీ కలిపి తొమ్మిది పాటలు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది తేలలేదు.

ఆ రోజుల్లో నేను గాయకుడు జీన్ క్లార్క్ ‘రోడ్‌మాస్టర్’ ఆల్బమ్ పదేపదే వింటున్నాను. 1944లో అమెరికాలోని మిస్సోరీలో పుట్టిన మనిషి. బర్డ్స్ బృందంలో పాటలు రాసి పాడి, పేరు మారుమోగుతున్న కాలంలోనే, 1966లో బయటికొచ్చేశాడు. విమానం ఎక్కాలంటే ఉన్న భయం కూడా అందుకొక కారణం. ‘రోడ్‌మాస్టర్’లో పదకొండు పాటలున్నాయి. రెండు 1970లో పాత బర్డ్స్ సహచరులతో పాడినవి. ఒకటి ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్ బృందం తోడుగా పాడింది. మిగతా ఎనిమిదీ 1972లో మొదలై మధ్యలో ఆగిపోయిన రికార్డింగులవి. వీటన్నిటినీ పోగేసి 1973లో నెదర్లాండ్స్‌లో మాత్రం విడుదల చేశారు. సొంత దేశంలో ఆ రికార్డు అప్పుడు రాలేదు.

అందులో ఏ పాటకూ పక్కపాట సంగతి తెలియదు. ఇలా ఒకే రికార్డు మీద పక్కపక్కన చేరతామని తెలిసి పాడినవి కావవి. అయినా వింటుంటే ఒక మనిషి దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. మొదట్లో ఆ గొంతే అన్నిటినీ కలుపుతోందనుకున్నాను. కానీ రెండేళ్లలో గొంతూ మారుతుంది, మనిషీ మారతాడు. కలుపుతున్నది వినేవాళ్లమే అనిపిస్తుంది ఇప్పుడు. పాటకీ పాటకీ మధ్య ఉన్న ఖాళీలో ఆ మనిషి ఎలా బతికాడో మనం ఊహించుకుంటాం. ప్రేమ ఉన్నచోట ఆ ఊహ ఆగదు.

‘షి డోంట్ కేర్ అబౌట్ టైమ్’ అనే పాటను అతను 1965లో బర్డ్స్‌తో పాడాడు, చురుగ్గా, ఉత్సాహంగా. ‘రోడ్‌మాస్టర్’లో అదే పాటను బాగా నిదానంగా, ఒక్కో మాటా తూచి పాడాడు. రాసింది తనే. మరి అసలు పాట ఏది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే నాయన పాటల్లోనూ ఒక పాట రెండుసార్లు ఉంది. భజన మందిరంలో తాళాల మోత మధ్య పరుగెత్తిన పాటే, వరండాలో ఆగి ఆగి వచ్చింది. మొదటిది దేవుడి కోసం పాడినట్టుంది. రెండోది ఎవరి కోసమో నాకు తెలియదు.

వరండా పాటలో కుక్క అరుస్తుంది. ఎసట్లో బియ్యం పోశారా అని అమ్మ ఎవర్నో కేకేస్తుంది. రెండో చరణం దగ్గర నాయన ఆగి, “ఇంక రాదులే అబ్బయ్యా” అంటాడు. ఆ తర్వాత ఎవరూ రికార్డరు ఆపలేదు. టేపు అయిపోయేదాకా సముద్రం హోరే.

“ఆ చివరిది తీసేద్దామా?” అంది అక్క.

వద్దన్నాను. దాన్నే అన్నిటికంటే ముందు పెట్టాం, హోరుతో సహా. ఆ తర్వాత హార్మోనియం మొదలవుతుంది.