మాట పడ్డవాడికే ఉపదేశమా?

పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలంటారు. గల్ఫ్ విమానం ఎక్కబోయే ప్రతివాడికీ ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట చెప్పి పంపిస్తాడు. నాకూ చెప్పారు. సౌదీలో ఉన్నన్నాళ్ళూ ఈ సామెత నన్ను వదల్లేదు. ఎప్పుడు తలచుకున్నా ఒకచోట ఆగిపోతాను. ఇందులో ఆవు ఎవరు? జుబైల్ ఎండలో ఇనుప చువ్వలు కట్టేవాడు పాలు తాగుతున్నాడా, ఇస్తున్నాడా? నెలాఖరుకు వాడి ఖాతాలో పడే రియాళ్ళు వాడి ఒంట్లోంచి వచ్చినవే. ఇక్కడ పాలిచ్చేదీ వాడే, తన్నులు తినేదీ వాడే. అయినా ఓర్చుకోమని చెప్పేది కూడా వాడికే.

జీతంలో తిట్లు కూడా కలిసే ఉంటాయని ఇంకొందరంటారు. నేను సైట్ ఆఫీసులో కాగితాల పని చేసేవాణ్ణి. ఎన్నో కాంట్రాక్టులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. మూలజీతం ఉంటుంది, తిండి ఖర్చు ఉంటుంది, రెండేళ్ళకోసారి టికెట్ ఉంటుంది. తిట్లకింత అని ఏ కాంట్రాక్టులోనూ లేదు. ఆ మాటే నిజమైతే ఎక్కువ జీతం వాడికి ఎక్కువ తిట్లు పడాలి. మా దగ్గర అందరికంటే తక్కువ జీతం వాళ్ళే అందరికంటే ఎక్కువ మాటలు పడేవారు.

అరబ్బులంతే, వాళ్ళ పద్ధతి అది అనే మాట కూడా నాకు నచ్చదు. మా ముదీర్, అంటే మేనేజరు, అరబ్బు కాదు, మన దేశం వాడే. సౌదీలో ఎంతోమంది మనవాళ్ళకు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మొహం కూడా తెలియదు. రోజూ తిట్టేది మధ్యలో ఉన్న మేనేజరు. అతనిది మన భాషో, మన పక్క రాష్ట్రం భాషో అవుతుంది. ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో పరాయివాడికంటే మనవాడికే బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. ఆ విరామంలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒకాయన మా పోర్టా కేబిన్‌కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో మగ్గం పని చేసినవాడు, అక్కడ స్టీల్ ఫిక్సర్. తన ఓవర్‌టైం గంటలు కొన్ని లెక్కలోకి రాలేదని అడగడానికి వచ్చాడు. ఫోర్‌మన్ సంతకాలున్న టైమ్ షీట్లు వెంట తెచ్చుకున్నాడు. గంటలు ఆయనవే, సంతకాలు సరైనవే. ముదీర్ ఆ కాగితాలు చూడలేదు. 'గదా' అన్నాడు, అంటే గాడిద. మీ ఊళ్ళో తిండి లేక ఇక్కడికొచ్చి లెక్కలు అడుగుతున్నావా అన్నాడు. టైమ్ షీట్లు గాల్లోకి విసిరేశాడు. అవి నేల మీదా, ఏసీ నుంచి నీళ్ళు కారే చోటా పడ్డాయి. గదిలో చాలామందిమి ఉన్నాం.

ఆయన కంగారు పడలేదు. ముందు చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు, కాగితాలకు మట్టి అంటుతుందని. బైండింగ్ వైరు గీతలు పడ్డ వేళ్ళతో ఒక్కొక్కటే ఏరాడు. తడిసినవాటిని చొక్కాకి అద్దాడు. తేదీల ప్రకారం పేర్చి, అంచులు కలిసేలా బల్ల మీద తట్టి, ముదీర్ ముందు పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "సాబ్, కామ్ బోలో, గాలీ నక్కో." పని చెప్పు, తిట్టకు. అంతే. గొంతు పెంచలేదు, కళ్ళు దించలేదు. ముదీర్ మాట్లాడలేదు. ఈయన బయటికి నడిచాడు.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అవుతుంది. కానీ ఆపలేను. ఆ నెల నుంచి ఓవర్‌టైం జాబితాలో ఆయన పేరు రావడం మానేసింది. అక్కడి చట్టం ప్రకారం ఓవర్‌టైం గంటకు మామూలు గంట జీతం మీద ఆ గంట మూలజీతంలో సగం అదనంగా ఇవ్వాలి. ఇంటికి పంపే డబ్బు చాలామందికి అందులోంచే వస్తుంది. ఒక శుక్రవారం క్యాంపులో ఆయన గదికి వెళ్ళి చట్టం సంగతి చెప్పాను. సౌదీ కార్మిక చట్టంలో 81వ ఆర్టికల్ ఉంది. యజమాని గానీ మేనేజరు గానీ క్రూరంగా, అన్యాయంగా, అవమానకరంగా ప్రవర్తిస్తే నోటీసు ఇవ్వకుండానే పని మానేయవచ్చు, హక్కులేవీ పోవు. ఆయన సర్వీసు అప్పటికి అయిదేళ్ళు నిండలేదు. మామూలుగా రాజీనామా చేస్తే సర్వీసు చివర వచ్చే డబ్బులో మూడో వంతే చేతికొస్తుంది. అవమానం వల్ల మానేశానని రుజువు చేస్తే మొత్తం వస్తుంది. చట్టం దృష్టిలో తిట్టు జీతంలో భాగం కాదు, కాంట్రాక్టును తెంచే తప్పు.

ఆయన అంతా విని ఒకటే అడిగాడు. "సాక్ష్యం ఎవలు చెప్తరు తమ్మీ?"

నేను చెప్తానన్నాను. "నీ ఇకామా గూడ ఆళ్ళ చేతులనే ఉండె గద. నువ్వొక్కనివి చెప్తే నిన్ను గూడ పంపిస్తరు" అన్నాడు. ఇకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు. కాసేపాగి, నేనెన్నటికీ మరిచిపోలేని మాట అన్నాడు. "గా ఓవర్‌టైం పైసలు బిడ్డ ఫీజుకని అనుకున్న. అనకపోతే బాగుండు. గని అన్న, ఇగ ఏం జేస్తం."

నన్ను తొలిచేది ఈ మాటే. ఎదురు చెప్పడమే సరైనదని వాదించడానికి నాకు ఆయనకంటే మంచి ఉదాహరణ లేదు. ఆ ఉదాహరణే అనకపోతే బాగుండేదంటోంది. ఆయన ధైర్యాన్ని నేను పొగిడితే ఆ పొగడ్తకు మూల్యం కట్టేది సిరిసిల్లలో ఫీజు బాకీ ఉన్న పిల్ల.

పోనీ మౌనమే సరైనదా? ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలెయ్ అంటారు. క్యాంపు భాషలో ఖల్లివల్లి. వాడి మాటకు నువ్వెందుకు విలువివ్వాలి అనే తర్కం నాకూ ఒకప్పుడు గట్టిగానే కనిపించింది. కానీ ఆ మాటలు ఎక్కడికీ పోవు. మా ఫోర్‌మన్ ఒకడు ఎవరేమన్నా నవ్వుతూ వినేవాడు. అందరూ వాడి ఓర్పు చూసి నేర్చుకోమనేవారు. మధ్యాహ్నం అదే 'గదా', అదే తిండి లేని ఊరు, అదే గొంతు, కొత్తగా వచ్చిన కుర్రాడి మీద పడేవి. రాత్రి ఫోనులో భార్య అడిగిన చిన్న ప్రశ్నకు అరిచినవాళ్ళను ఎంతమందినో విన్నాను. మింగిన అవమానం మనకంటే బలహీనుడి దగ్గర బయటపడుతుంది. దాన్ని ఓర్పు అనలేను. నిజానికి ఏజెంటు అప్పు, దాని మీద నెల నెలా పెరిగే మిత్తి వాళ్ళ నోరు మూయించాయి. అప్పు భయాన్ని మనం సుగుణమని పిలుస్తున్నాం.

ఇది 2021 మార్చికి ముందు మాట. ఆ నెల 14 నుంచి కొన్ని షరతులతో కఫీల్ అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు వచ్చింది. మంచి మార్పే. పోగలిగే దారి ఉంటే మనిషి వెన్ను కొంచెం నిలబడుతుంది. అయితే నేను వెళ్ళిపోతే నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, ముదీర్ నోరు మాత్రం అక్కడే ఉంటుంది. పైగా ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు, ఇంటి డ్రైవర్లకు ఆ మార్పు వర్తించలేదు. వాళ్ళు కార్మిక చట్టం పరిధిలోనే లేరు, వాళ్ళ నిబంధనలు వేరు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్ళి నాలుగు గోడల మధ్య మాట పడే ఆడమనిషికి ఎదురు చెప్పే ధైర్యం ఉన్నా, చూసినవాళ్ళెవరు?

సిరిసిల్ల మనిషి అడిగిన ప్రశ్న దగ్గరికే మళ్ళీ వచ్చాను. తిడితే ఏం చేయాలి అని ఇన్నాళ్ళూ మనం తిట్లు తిన్నవాణ్ణే అడుగుతున్నాం. ఓర్చుకో, ఎదురు చెప్పు, మానెయ్, ఖల్లివల్లి. సలహాలన్నీ వాడికే. వాడేం చేసినా నష్టపోతాడు కాబట్టి ఆ ప్రశ్నకు వాడి దగ్గర సరైన జవాబు లేదు, ఉండదు కూడా. జవాబు ఇవ్వాల్సింది గదిలో ఉన్న మిగతావాళ్ళు. అక్కడ యూనియన్లు లేవు, సమ్మె చేయడానికి లేదు. కానీ కార్మిక వివాదం ముందు రాజీకి, అక్కడ కుదరకపోతే కోర్టుకు వెళ్తుంది. అక్కడ సాక్షి మాటకు విలువ ఉంటుంది. తిట్టుకు రసీదు ఉండదు, విన్నవాళ్ళే దానికి రుజువు. ఒక్కడు సాక్ష్యం చెబితే వాణ్ణి ఇంటికి పంపించొచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరినీ పంపి సైట్ నడపడం ఏ ముదీర్‌కూ సాధ్యం కాదు.

అందుకే ఈ మాటలు తిట్లు తిన్నవాడికి కాదు, పక్కన నిలబడ్డవాడికి చెబుతున్నాను. దమ్మామ్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా, రేపు మీ ఎదుట ఒకణ్ణి నలుగురిలో కించపరిస్తే, తర్వాత టీకి పిలిచి ఓదార్చడంతో ఆగకండి. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా రాసి పెట్టండి. విన్న ఇంకో ఇద్దరి చేత సంతకం పెట్టించండి. అవసరమైన రోజు కలిసి వెళ్ళి చెప్పండి.