పండక్కి ఆడని థింసా

అరకులోయకు వచ్చే పర్యాటకులకు మనం పాతగానే ఉండాలి. విశాఖపట్నం నుంచి అద్దాల రైల్లో వచ్చి, బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం చూసి, రాత్రి రిసార్టులో మంట చుట్టూ థింసా ఆడించుకుని వెళ్తారు. పాస్టరు గారికేమో మనం కొత్తవాళ్లం కావాలి. ఈ ఇద్దరి మధ్య పెరుగుతున్న పిల్లలకు పంతుళ్లం మేము జవాబు చెప్పాలి.

"మా అక్క ఇటుకల పండక్కి ఆడకూడదట, రిసార్టులో ఆడొచ్చట. ఎలాగ సార్?" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. వాళ్లది ప్రార్థనకు వెళ్లే ఇల్లు. పండగలో దేవత ఉంది కాబట్టి తప్పు, రిసార్టులో కూలి కాబట్టి తప్పు లేదు. ఊరి పెద్దల కోపం కూడా ఇదే. మాకూ మొదట ఆ కోపం న్యాయంగానే తోచింది. కానీ రిసార్టుకు జట్టును కుదిర్చేదీ, డప్పు, తుడుము, మోరి పట్టుకెళ్లేదీ ఆ పెద్దల ఇళ్లవాళ్లే. పండగ కాని రోజున, దేవత లేని చోట థింసాను అమ్మింది మందిరం కాదు, మనమే.

మతం మారితే ఆదివాసీ కాదన్న మాట ఒకటి తిరుగుతోంది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. అది ఎస్సీల ఉత్తర్వులో ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛనూ, మత ప్రచారాన్నీ రెంటినీ ఒప్పుకుంది. ఇక 1/70 చట్టం ప్రకారం బయటివాడు ఇక్కడ భూమి కొనలేడు. రిసార్టుకైనా మందిరానికైనా మనవాడి పేరే కావాలి. మందిరానికి జాగా ఇచ్చినవాణ్ణి నిలదీసిన ఊరు రిసార్టుకు పేరిచ్చినవాణ్ణి ఎన్నడూ అడగదు.

అలాగని పాస్టర్లను వెనకేసుకు రావడం లేదు. జ్వరం వచ్చిన ఇంటికి రాత్రిపూట కొండెక్కి వచ్చింది వాళ్లే, నిజం. సారా మానిన ఇళ్లూ ఉన్నాయి. కానీ తాత మొక్కిన చెట్టును సైతానని పదేళ్ల పిల్లాడి చేత అనిపించడం ఏం సువార్త? చేసిన మేలుకు బదులుగా పుచ్చుకున్న విశ్వాసం విశ్వాసమేనా? గట్టిగా అడుగుదామంటే మాకూ గొంతు పెగలదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలను "తెలుగులో చెప్పు" అని గద్దించినవాళ్లం మేము.

నిరుడు పండగలో తగువు విత్తనాల దగ్గర వచ్చింది. దుక్కికి ముందు విత్తనాలను దేవత దగ్గర పెట్టి ఇంటింటికీ పంచుతాం. పూజలో పెట్టినవి ప్రార్థన ఇళ్లవాళ్లు ముట్టరు. ముట్టనివాళ్లకు వాటా ఎందుకని కుర్రాళ్లు లేచారు. వేటకు రాలేని ముసలివాళ్ల ఇంటికీ వాటా వేసిన ఊరు ఇది. ఒక ముసలమ్మ, "పూజకు ముందే వాళ్ల పిడికెడు తీసి పక్కన పెట్టండి" అంది. పూజారి ఒప్పుకోలేదు. పాస్టరు గారిని అడిగితే అదీ వద్దన్నారు. వచ్చే చైత్రం దగ్గర పడుతోంది, ఆ పిడికెడు సంగతి ఊళ్లో ఇంకా తేలలేదు.