నలుగురి భయము



శివభక్తుల యిండ్లలో సైతము "నలుగురితో నారాయణ" అను మాట చెల్లుబాటగుచుండుట ఒక వింత. దైవనామము మాట యటుంచుడు. ఆ మాట పలికినప్పుడు మనము శరణుజొచ్చునది నారాయణుని గాదు, ఆ నలుగురిని. తప్పని తెలియక చేయు పాపములు కొన్ని గలవు. తప్పని తెలిసియు, మనస్సు ఒప్పకున్నను, పదిమందికి జడిసి చేయునవి అంతకంటె పెక్కు. ఈ రెండవ జాతిని గూర్చియే నేడు విచారింతము.

కుక్కుటేశ్వరస్వామి వెలసిన ఈ పిఠాపురముతో సంబంధించిన వృత్తాంత మొకటి చెప్పెదను. పందొమ్మిదవ శతాబ్ది తుదినాళ్లలో గోదావరి మండలమున కలవారి యింట పెండ్లియనగా భోగము మేళము ఉండితీరవలెను. మేళము లేనిచో లోకులు నవ్వుదురని గృహస్థుల భయము. తమ పిల్లలు ఆ సభలో కూర్చుండుట కిష్టపడని తండ్రులు సైతము మేళమును పిలిపించుచుండిరి. నింద మాత్రము ఆడిన స్త్రీలపై బడినది. పిలిచినవారు పెద్దమనుష్యులుగనే మిగిలిరి. రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు (1862-1939) మేళము గల సభలకు పోరాదని ఉద్యమము నడిపిరి. వారు 1904 నుండి 1919 వరకు కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులు. పిఠాపురాధీశులు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావుగారు (1885-1964) వారిని గురువుగా భావించి అండనిచ్చిరి. "పెద్దలే పిలుచుచున్నారు గదా" యనునది సాకుగా నడచు దేశమున, ఒక సంస్థానాధిపతి సంస్కర్త పక్షమున నిలుచుట చిన్న విషయము గాదు.

అంతకు ముందే రాజమహేంద్రవరమున దీనికంటె కఠినమైన పరీక్ష జరిగినది. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. సభలలో మెచ్చుకొన్నవారు, తోడ్పడుదుమని మాట యిచ్చినవారు, వెలి యనగానే వెనుదీసిరి. వీరు వితంతువుల దుఃఖము నెరుగనివారా? బాల్యముననే పసుపుకుంకుమలు పోగొట్టుకొన్న బిడ్డ వారిలో ఎందరి యిండ్లలో మూలగదిలో నుండెనో! దయ లేక గాదు వెనుదీసినది. పంక్తిలో విస్తరి వేయరేమో యను భయముచేత. వంటవారు, నీళ్లు మోయువారు దొరకని ఆ దినములలో పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీరు మోసి తెచ్చి వంట చేసిరి.

ఈ భయము స్వరూపమును కొంచెము నిదానించి చూడుడు. నలుగురిలో ప్రతివాడును తక్కిన మువ్వురికి వెరచుచున్నాడు. ఆ మువ్వురిలో నొక్కొక్కడును వీనికి వెరచుచున్నాడు. ఎవరి మనస్సునకును ఇష్టము లేని దురాచారము ఇట్లు అందరిచేతను పోషింపబడుచున్నది. ఒక్కడు నోరు విప్పినచో రెండవవానికి ధైర్యము కలుగును. మొదటివాని కష్టమే కష్టము.

బసవేశ్వరుని బాల్యమును స్మరింపుడు. ఉపనయనము చేయబూనిన తండ్రితో ఆ బాలుడు వాదించి, ఒప్పక, ఇల్లు విడిచెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. తండ్రి దుర్మార్గుడు గాడు. ఊరివారును దుష్టులు గారు. అందరును ఆ బాలుని మేలు గోరి బలవంతపెట్టినవారే. మన మనస్సును లొంగదీయునది సాధారణముగా ఇట్టి ప్రేమయే గాని శత్రువు కత్తి గాదు. ఆనాడు బసవని వెంట నడచినది సోదరి నాగమాంబ. ఒక్క తోడు!

మన పంచాచారములలో సదాచారము తాను సన్మార్గమున నడచుట. గణాచారము కన్నెదుట జరుగు అధర్మమును సహింపకుండుట. మనలో పలువురు మొదటిదానిని ఇంటిలో భద్రముగా నుంచుకొని, రెండవదానిని పెండ్లిపందిరి వెలుపల చెప్పులతోపాటు విడిచి వత్తురు.

కట్నము సంగతి చూడుడు. 1961లోనే చట్టము నిషేధించినది. నేటికిని సంబంధము మాటలాడునప్పుడు వరుని తండ్రి, "మాకేమియు అక్కరలేదండీ, కాని నలుగురిలో తలవంపు కారాదు గదా" యనును. కన్యాదాత యింటికి వచ్చి పొలము బేరము పెట్టును. ఆడపడుచు లాంఛనములు వేరు. ఇష్టలింగమును ధరించి, కాయకమువలన వచ్చినదే తనదని నమ్మవలసిన వంశమున, పరుని కాయకఫలము ఇట్లు చేతులు మారుచున్నది. కన్యాదాతయు మాటలాడడు; తన రెండవ కుమార్తెకు సంబంధము రాదేమో యని. పైగా తన కొడుకు పెండ్లినాటికి ఆయనయు వరుని తండ్రియే యగును.

మఠాధిపతులకు, జంగమదేవరలకు ఒక విన్నపము. మీరు వివాహము జరిపించుటకు తాంబూలము పుచ్చుకొనక ముందే ఇరుపక్షములవారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఏమి ఇచ్చిపుచ్చుకొంటిరో అడుగుడు. అట్లడిగిన జంగమయ్యకు మరుసటి పెండ్లికి పిలుపు రాకపోవచ్చును. ఆయనకు పిలుపు పంపవలసిన యిండ్లలో మన యిల్లును ఒకటి గదా!